ఒకటికి పది: సముద్రంలో వైరస్‌ల లెక్క ఎక్కడ తేడా కొట్టింది

వాటర్ బాటిల్ మూత ఒకటి తీసుకోండి. విశాఖలోనో సూర్యలంకలోనో దాన్ని సముద్రంలో ముంచండి. అందులో పట్టేది మహా అయితే 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూన్. మామూలు సముద్రపు నీటికి చెప్పే లెక్క ప్రకారం ఆ కాసిని నీళ్లలో బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు 50 లక్షల దాకా ఉంటాయి. తీరానికి దగ్గర కాబట్టి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. మరి వైరస్‌లు ఎన్ని? చాలాకాలంగా పుస్తకాల్లోనూ పరిశోధనా వ్యాసాల్లోనూ కనిపించే జవాబు ఒకటే: సూక్ష్మజీవులకు పది రెట్లు. అంటే 5 కోట్లు.

మొదటి సంఖ్యతో పేచీ లేదు. రెండోదానితోనే ఉంది. 5 కోట్లు అనే జవాబు తప్పని కాదు, చాలాచోట్ల నిజం దానికి దగ్గర్లోనే ఉండొచ్చు కూడా. కానీ సూక్ష్మజీవుల సంఖ్య తెలిస్తే చాలు, పదితో గుణించి వైరస్‌ల సంఖ్య చెప్పేయొచ్చు అనే నమ్మకం నిలబడదు. అది ఎందుకు నిలబడదో అర్థం చేసుకుంటే, కంటికి కనపడని ఈ రెండు జాతుల మధ్య సముద్రంలో రోజూ ఏం జరుగుతోందో చాలావరకు అర్థమైనట్టే.

ముందుగా ఒక విషయం. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర వైరస్ అనగానే గుర్తొచ్చేది వైట్ స్పాట్. రాత్రికి రాత్రి చెరువును ఖాళీ చేసే జబ్బు కాబట్టి ఆ భయం సహజమే. మనం ఇక్కడ మాట్లాడుకునేవి అలాంటివి కావు. సముద్రంలోని వైరస్‌లలో అత్యధిక భాగం బ్యాక్టీరియాను పట్టి బతికేవి. వాటిని ఫేజ్‌లు అంటారు. స్నానానికి దిగిన మనిషిని అవి ఏమీ చేయవు. మనిషి కణంలోకి దూరే తాళంచెవి వాటి దగ్గర లేదు.

పది ఎక్కడి నుంచి వచ్చింది

ఆక్వా ల్యాబుకు నీళ్లు పంపే రైతులకు ఒక పద్ధతి బాగా తెలుసు. ఆకుపచ్చ రంగు జెల్లీ పోసిన ప్లేటు మీద చెరువు నీటిచుక్క రాసి, ఒక రోజు వెచ్చగా ఉంచుతారు. మర్నాటికి దాని మీద చుక్కలు చుక్కలుగా కాలనీలు లేస్తాయి. గ్రీన్ కాలనీలు ఎన్ని, ఎల్లో కాలనీలు ఎన్ని అని లెక్కపెట్టి, విబ్రియో అనే బ్యాక్టీరియా ఎంత ఉందో రిపోర్టులో రాస్తారు. విబ్రియో ప్లేటు మీద తేలిగ్గా పెరుగుతుంది కాబట్టి దాని విషయంలో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

సముద్ర శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం ఇలాగే ప్లేట్ల మీద లెక్కపెట్టారు. వచ్చిన చిక్కేమిటంటే, సముద్రంలో ఉండే సూక్ష్మజీవుల్లో నూటికి ఒకటి కూడా ప్లేటు మీద పెరగదు. ప్రపంచ సముద్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే సార్-11 అనే బ్యాక్టీరియా గుంపునే చూడండి. 1990లో అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రపు నీటిలో దాని జన్యువు దొరికింది. ల్యాబులో దాన్ని పెంచడానికి మాత్రం 2002 దాకా ఆగాల్సి వచ్చింది. ప్లేటు మీద లేవలేదంటే నీటిలో లేదని అర్థం కాదు. దానికి మనం పెట్టిన తిండి నచ్చలేదు, అంతే.

1970లలో పద్ధతి మారింది. నీటిని సన్నటి ఫిల్టర్ గుండా వడకట్టి, మెరిసే రంగు వేసి, మైక్రోస్కోప్ కింద నేరుగా లెక్కపెట్టడం మొదలైంది. 1977 నాటికి ఈ పద్ధతి గట్టిపడింది. మిల్లీలీటరుకు వందలూ వేలూ అనుకున్న బ్యాక్టీరియా సుమారు 10 లక్షలని తేలింది. అయినా వైరస్‌ల మీద ఎవరి దృష్టీ పెద్దగా పడలేదు. 1979లో అమెరికాలోని ఓరెగాన్ తీరంలో, యాక్వినా బే అనే చోట, మిల్లీలీటరుకు పది వేలకు మించి ఫేజ్‌లు ఉన్నాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలతో సహా ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. అదీ పెద్దగా చర్చకు రాలేదు.

అసలు మలుపు 1989లో వచ్చింది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓయివిండ్ బెర్గ్, అతని సహచరులు ఒక సులువైన పని చేశారు. నీటిని సెంట్రిఫ్యూజ్‌లో విపరీతమైన వేగంతో తిప్పి, అందులో ఉన్న సమస్తాన్నీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ జల్లెడ మీదకు దించారు. ఏదీ పెంచలేదు, ఏదీ ఎంచలేదు. ఉన్నవాటిని ఉన్నట్టు చూశారు. కొన్ని సహజ జలాల్లో మిల్లీలీటరుకు 25 కోట్ల దాకా వైరస్‌లు కనిపించాయి. అంతకుముందు చెప్పుకున్న లెక్కలకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే.

ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడెక్కడి నీళ్లనో తెచ్చి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బ్యాక్టీరియా మిల్లీలీటరుకు సుమారు 10 లక్షలు, వైరస్‌లు సుమారు కోటి. ఈ జంట సంఖ్య మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకటికి పది అన్నది గుర్తుపెట్టుకోవడానికి ఎంతో వీలైన సంఖ్య. అలా అది పాఠాల్లోకి, సమీకరణాల్లోకి, వాతావరణ లెక్కల్లోకి చేరిపోయింది.

చుక్కల్ని లెక్కపెట్టడం

ఈ లెక్క ఎలా జరుగుతుందో కాస్త దగ్గర నుంచి చూడాలి. లేకపోతే తర్వాత చెప్పబోయే సంఖ్యల్ని ఎంత నమ్మాలో తెలియదు.

ఒకటి రెండు మిల్లీలీటర్ల సముద్రపు నీటిని అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసిన పల్చటి ఫిల్టర్ గుండా లాగుతారు. దాని రంధ్రాలు 0.02 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో 50 వేలో వంతు. నీరు కిందకు పోతుంది, సూక్ష్మజీవులూ వైరస్‌లూ పైన మిగిలిపోతాయి. ఆ బిళ్ల ఎండిన అప్పడం కన్నా పెళుసు, పటకారుతో కాస్త గట్టిగా పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. దాన్ని డీఎన్ఏకి అంటుకునే సైబర్ గ్రీన్ అనే రంగులో తేల్చి, కాసేపు చీకట్లో ఉంచుతారు. తర్వాత నీలికాంతి కింద పెట్టి చూస్తే నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు వెలుగుతాయి. ఆవాలూ గసగసాలూ కలిపి నల్లగుడ్డ మీద చల్లినట్టు ఉంటుంది. ఆవాల్లాంటివి బ్యాక్టీరియా, గసగసాల్లాంటివి వైరస్‌లు.

నిజానికి మామూలు మైక్రోస్కోప్‌కి వైరస్ ఆకారం అందదు. చీకటి రోడ్డు మీద దూరంగా వచ్చే బండి కనిపించకపోయినా దాని లైటు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. మనకు కనిపించేది వైరస్ కాదు, దానిలోని డీఎన్ఏ వెలుగు. అందుకే జాగ్రత్తపరులు వీటిని వైరస్‌లు అనకుండా 'వైరస్ లాంటి కణాలు' అంటారు. ఆ 'లాంటి' అనే మాటలో బోలెడు సంగతులున్నాయి.

ఒకటి, వెలిగే ప్రతి చుక్కా వైరస్ కాకపోవచ్చు. ప్రోక్లోరోకాకస్ అనే సముద్రపు బ్యాక్టీరియా తన పైపొర నుంచి చిన్న చిన్న బుడగల్ని నీటిలోకి వదులుతుందని, వాటిలో కొన్నింటిలో డీఎన్ఏ కూడా ఉంటుందని 2014లో తేలింది. ఆ బుడగ కూడా గసగసాల గింజలాగే వెలుగుతుంది. రెండు, ప్రతి వైరసూ వెలగకపోవచ్చు. డీఎన్ఏకి బదులు ఆర్ఎన్ఏ ఉన్న వైరస్‌లు ఈ రంగుకు సరిగ్గా చిక్కవు. సముద్రంలోని వైరస్‌లలో సగం దాకా ఇవే అయ్యుండొచ్చని హవాయి తీరపు నీటి మీద చేసిన పని ఆధారంగా 2013లో ఒక బృందం వాదించింది. మూడు, ఎండకు దెబ్బతిని ఎవరినీ పట్టలేని స్థితికి వచ్చిన వైరస్ కూడా చుక్కగా వెలుగుతూనే ఉంటుంది. ఇక ఓడలో తీసిన నీటిని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించకుండా ఊరికే నిల్వ ఉంచితే, రోజులు గడిచేకొద్దీ వైరస్‌ల లెక్క పడిపోతుంది. బ్యాక్టీరియా లెక్క అంతగా పడిపోదు. అంటే నీళ్లు అవే అయినా, ఎప్పుడు లెక్కపెట్టామన్న దాన్ని బట్టి నిష్పత్తి మారిపోతుంది.

ఇవన్నీ ఆ పరిశోధనల్ని తీసిపారేయడానికి చెప్పడం లేదు. తేలే ఓడలో, ఊగే బల్ల మీద, కంటికి కనపడనివాటిని ఇంత ఓపికగా లెక్కపెట్టినవాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. కాకపోతే 'పది' అనే అంకె చూడ్డానికి ఎంత కచ్చితంగా ఉందో, దాని వెనక ఉన్న కొలత అంత కచ్చితంగా లేదు. ఇది మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

5,671 నమూనాలు చెప్పిన మాట

2016లో చార్లెస్ విగింగ్టన్, జాషువా వైట్జ్, స్టీవెన్ విల్హెల్మ్, అలిసన్ బుకన్, ఇంకా పలువురు కలిసి, ఎవరో ఒకరు ఎప్పుడో చేయాల్సిన పని చేశారు. అప్పటిదాకా జరిగిన 25 సముద్ర సర్వేల నుంచి సూక్ష్మజీవుల సంఖ్య, వైరస్‌ల సంఖ్య రెండూ ఉన్న 5,671 కొలతల్ని ఒకచోట చేర్చారు. గ్రాఫ్ మీద ఒకటికి పది అన్న గీత గీసి, ఒక్కో కొలతకు పెట్టిన చుక్కలు ఆ గీత మీద పడతాయా అని చూశారు.

మధ్య విలువ నిజంగానే పదికి దగ్గరగా ఉంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆ మధ్య విలువకు అటూ ఇటూ ఉన్న విస్తృతి చూస్తే అదిరిపోవాలి. పైన 100 మీటర్ల లోతు వరకు ఉన్న నీటిలో, అటు చివరా ఇటు చివరా ఉన్న విపరీతాల్ని పక్కనపెట్టాక కూడా, నిష్పత్తి 1.4 నుంచి 160 దాకా ఉంది. ఒకచోట ఒక్కో సూక్ష్మజీవికి ఒకటిన్నర వైరస్ కూడా లేదు, ఇంకోచోట 160 ఉన్నాయి. అంతకన్నా లోతు నీటిలో కాస్త నయం, 3.9 నుంచి 74 దాకా. ఒక ఊళ్లో ఇంటికి సగటున నలుగురు ఉంటారంటే దాన్నిబట్టి బియ్యం లెక్క వేయొచ్చు. కొన్ని ఇళ్లలో ఒక్కరే ఉండి, కొన్ని ఇళ్లలో 60 మంది ఉంటే ఆ సగటు ఎవరికి అక్కరకొస్తుంది?

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి బయటపడింది. ఆ విస్తృతి గాలివాటు చెదరడం కాదు, దానికో వాలు ఉంది. సూక్ష్మజీవులు పెరిగేకొద్దీ వైరస్‌లూ పెరుగుతాయి, కానీ అంత జోరుగా పెరగవు. గణితంలో దీన్ని ఘాతాంకం ఒకటి కన్నా తక్కువ ఉన్న సంబంధం అంటారు. మాట కష్టంగా ఉంది కానీ విషయం తేలికే.

ఘాతాంకం 0.5 అనుకుందాం. అర్థం కావడానికి మాత్రమే ఈ అంకె. నడి సముద్రంలో తిండి తక్కువ ఉన్నచోట మిల్లీలీటరుకు లక్ష సూక్ష్మజీవులు, 30 లక్షల వైరస్‌లు ఉన్నాయనుకోండి. ఒకటికి 30. ఇప్పుడు సూక్ష్మజీవులు 100 రెట్లు ఉన్న తీరానికి రండి. అవి కోటి. వైరస్‌లు 100 రెట్లు కావు, 10 రెట్లే అవుతాయి, అంటే 3 కోట్లు. ఒకటికి 3. వైరస్‌లు పెరిగిన మాట నిజం, నిష్పత్తి పదో వంతుకు పడిపోయిన మాటా నిజం. జనం ఎక్కువున్నచోట తలకు వచ్చే వైరస్‌లు తక్కువ, పల్చగా ఉన్నచోట ఎక్కువ.

ఈ కొత్త గీత కూడా అన్నిటినీ వివరించేయదు. ముఖ్యంగా పైనీటిలో చుక్కలు దాని చుట్టూ కూడా బాగా చెదిరి ఉన్నాయి. ఒక్కో సర్వేకి ఒక్కో వాలు వచ్చింది. అయినా ఎక్కువ సర్వేల్లో అది ఒకటి కన్నా తక్కువే.

ఎందుకు తగ్గుతుంది

ఇక్కడ ఊహించుకోవడానికి కాస్త సైజు పెంచి చూద్దాం. ఒక సముద్రపు బ్యాక్టీరియా సుమారు అర మైక్రాన్ ఉంటుంది. దాన్ని 10 మీటర్ల పొడవున్న ఇల్లు అనుకోండి. మిల్లీలీటరుకు 10 లక్షలు ఉన్న నీటిలో, ఈ ఇంటికి పక్క ఇల్లు 2 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వైరస్ ఒక మీటరు ఎత్తున్న పిల్లవాడంత. వాడికి కాళ్లు లేవు, నీరు ఎటు తోస్తే అటు పోవాలి. పైగా ఎదురైన ప్రతి ఇంటి తలుపూ తెరుచుకోదు. తన రకం ఇల్లే దొరకాలి, అది ఎన్ని వందల ఇళ్లకు ఒకటో. ఈలోపు ఎండ తగిలితే కొన్ని గంటల్లో పనికిరాకుండా పోవచ్చు. సముద్రం వైరస్‌లతో కిక్కిరిసి ఉందని రాస్తూ ఉంటారు గానీ, వైరస్ వైపు నుంచి చూస్తే అది ఎడారి లాంటిది.

ఇంత కష్టంలోనూ అవి ఎన్ని ఉంటాయన్నది ఎలా తేలుతుంది? పేపరు మీద ఒకే రకం బ్యాక్టీరియా, దాన్ని చంపే ఒకే రకం వైరస్ ఉన్నాయనుకుంటే, ఒక చిత్రమైన ఫలితం వస్తుంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. బ్యాక్టీరియా సంఖ్య నిలకడగా ఉండాలంటే పుట్టినన్ని చావాలి. ఎంత వేగంగా పుడుతున్నాయో అంత వేగంగా చంపడానికి సరిపడా వైరస్‌లు ఉండాలి. అంటే వైరస్‌ల సంఖ్యను తేల్చేది బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత వేగంగా పెరుగుతున్నాయన్నది. ఇటు వైరస్ వైపు చూడండి. ఒక వైరస్ చెడిపోయేలోపు సగటున తన స్థానంలో ఇంకొకటి తయారవ్వాలి. కణం పగిలినప్పుడు ఎక్కువ పిల్ల వైరస్‌లు బయటికొస్తే, వైరస్ ఎక్కువ కాలం బతికితే, కొద్దిపాటి బ్యాక్టీరియాతోనే దాని వంశం నిలబడుతుంది. అంటే బ్యాక్టీరియా ఎన్ని ఉండాలో తేల్చేది వైరస్ స్వభావం. ఒకరి సంఖ్య ఎదుటివారి గుణం మీద ఆధారపడింది.

రెండిటినీ కలిపితే నిష్పత్తి మూడు విషయాల మీద నడుస్తుంది. బ్యాక్టీరియా పెరిగే వేగం ఎంత, అందులో ఇతర ప్రాణులు తినేసేది పోగా వైరస్‌లకు మిగిలేది ఎంత అన్నది మొదటిది. ఒక్కో కణం నుంచి ఎన్ని వైరస్‌లు వస్తాయన్నది రెండోది. వైరస్ ఎంత త్వరగా చెడిపోతుందన్నది మూడోది. ఈ మూడూ నీటిని బట్టి, కాలాన్ని బట్టి, లోతును బట్టి మారతాయి. అవి మారుతుంటే వాటి నుంచి వచ్చే నిష్పత్తి మాత్రం ఎక్కడైనా పదే ఎందుకు ఉండాలి? ఉండటానికి కారణమే లేదు.

ఇప్పుడు జనం ఎక్కువున్న నీటికి రండి. తీరం దగ్గర, తిండి ఎక్కువ ఉన్నచోట, బ్యాక్టీరియాతో పాటు వాటిని మింగే ఏకకణ జీవులూ ఎక్కువే. వాటి వాటా పోగా వైరస్‌లకు మిగిలేది తగ్గుతుంది. నీటిలో మట్టి, జిగురు, చెత్త ఎక్కువ. వైరస్‌లు వాటికి అతుక్కుపోయి లెక్కలోంచి, ఆటలోంచి తప్పుకుంటాయి. ఇవన్నీ నిష్పత్తిని కిందికి లాగేవే.

ఇంకో వివరణ 2016లోనే వచ్చింది, పెద్ద చర్చే లేపింది. శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్ రోవర్ బృందం పగడపు దిబ్బల దగ్గర నీటిని పరిశీలించింది. సూక్ష్మజీవులు దట్టంగా ఉన్నచోట వైరస్‌లు చంపడం తగ్గించి, లోపలే కాపురం పెడుతున్నాయని వాళ్ల వాదన. కొన్ని ఫేజ్‌లకు నిజంగానే ఈ శక్తి ఉంది. తమ డీఎన్ఏను బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిపేసి, అది రెండైనప్పుడల్లా తామూ రెండవుతూ, చడీచప్పుడు లేకుండా ఉండిపోతాయి. గెలుస్తున్నవాణ్ని చంపేకన్నా వాడి భుజమెక్కి వెళ్లడం లాభం కదా అన్నది దీని తర్కం. అలా లోపల దాగిన వైరస్ నీటిలో చుక్కగా కనపడదు. కాబట్టి నిష్పత్తి తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆలోచన అందంగా ఉంది. కానీ మరుసటి ఏడాది వైట్జ్, మరికొందరు అభ్యంతరం చెప్పారు. నిష్పత్తి తగ్గడం నిజమే, అది లోపల కాపురానికి రుజువు ఎలా అవుతుందని వాళ్ల ప్రశ్న. కేవలం చంపే వైరస్‌లే ఉన్న మోడల్‌లో కూడా నిష్పత్తి అలాగే తగ్గొచ్చని చూపించారు. నేను ఈ విషయంలో వాళ్ల వైపే. జ్వరం ఉందంటే టైఫాయిడ్ అని రాసేయలేం, బ్లడ్ టెస్ట్ కావాలి. ఇక్కడ బ్లడ్ టెస్ట్ అంటే, కణాల లోపల ఎన్నింటిలో వైరస్ దాగి ఉందో నేరుగా చూడటం.

మొత్తం ఒకటి, జంట ఒకటి

ఇంకో చిక్కుముడి ఉంది. సముద్రమంతా కలిపి చూస్తే సూక్ష్మజీవులు ఎక్కువున్నచోట వైరస్‌లూ ఎక్కువ. మరి ఒకే రకం బ్యాక్టీరియాను, దాన్ని పట్టే ఫేజ్‌ను విడిగా తీసి కాలంతో పాటు గమనిస్తే? చాలాసార్లు కథ తిరగబడుతుంది.

దీనికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఢాకాలో ఉంది. అది సముద్రం కాదు, అక్కడి నదులూ చెరువుల నీళ్లు. కలరా క్రిమి, దాన్ని చంపే ఫేజ్‌లు ఆ నీటిలో ఏయే నెలల్లో ఎంతున్నాయో పరిశీలించిన ఫలితాలు 2005లో వచ్చాయి. నీటిలో ఫేజ్‌లు లేనప్పుడు కలరా క్రిమి ఎక్కువగా దొరికింది, జబ్బూ ప్రబలింది. ఫేజ్‌లు పెరిగాక క్రిమి తగ్గింది, కేసులూ తగ్గాయి. ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి. 1896లోనే గంగా యమునల నీటికి కలరా క్రిమిని చంపే గుణమేదో ఉందని హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రాశాడు. అప్పటికి ఫేజ్ అనే మాటే పుట్టలేదు. ఆ పేరు 1917లో వచ్చింది.

సముద్రంలోనూ ఇదే ఆట నడుస్తుందని నార్వేకి చెందిన థింగ్‌స్టాడ్ 1990లలో వాదించాడు. ఏ రకం బ్యాక్టీరియా మిగతావాటిని దాటి పెరుగుతుందో దాన్ని పట్టే వైరస్‌కే ఇళ్లు దగ్గరవుతాయి. అది విజృంభించి ఆ రకాన్ని అణిచేస్తుంది. ఖాళీ అయిన చోట ఇంకో రకం లేస్తుంది. అందుకే ఏ ఒక్కటీ సముద్రాన్ని ఏలలేదు. ఇలాంటి వందల జంటలు, ఒక్కోటి ఒక్కో దశలో ఉన్నవాటిని కలిపి ఒకే మూతలో ముంచి తీసి, అన్నిటినీ కలిపి ఒకే నిష్పత్తి చెబుతున్నాం. పరీక్షల సీజన్‌లో స్కూలు మొత్తం సగటు మార్కులు చూసి, అందులో ఒక అబ్బాయి ఎందుకు ఫెయిలయ్యాడో చెప్పమన్నట్టుంటుంది.

అన్ని వేళలా ఒక జంట కథ మొత్తం లెక్కలో మరుగునపడిపోతుందని కూడా కాదు. ఉత్తర అట్లాంటిక్‌లో ఎమిలియానియా హక్స్‌లీ అనే సున్నపు కవచమున్న నాచు విపరీతంగా పెరిగి, శాటిలైట్ ఫోటోల్లో సముద్రం పాలు కలిపినట్టు కనిపిస్తుంది. అలాంటి విజృంభణల్ని చాలాసార్లు ముగించేది దాన్ని పట్టే ఒక పెద్ద వైరసే.

పదికి మూడుకి తేడా వస్తే ఏమైంది

చాలామందికి వచ్చే ప్రశ్నే ఇది. కంటికి కనపడని వాటి లెక్క కాస్త అటూ ఇటూ అయితే మనకేం?

సముద్రపు పైనీటిలోని సూక్ష్మజీవుల్లో రోజుకు సుమారు 20 శాతాన్ని వైరస్‌లే చంపుతున్నాయని కెనడా శాస్త్రవేత్త కర్టిస్ సటిల్ 2007లో అంచనా కట్టాడు. ప్రపంచ సముద్రాల్లో ఉన్న వైరస్‌లు 1 పక్కన 30 సున్నాలు పెట్టినన్ని అని, వాటిలోని కార్బన్ సుమారు 20 కోట్ల టన్నులని కూడా చెప్పాడు. కణం పగిలినప్పుడు దానిలోని సరుకంతా నీటిలో కరిగిపోతుంది. చిన్న జీవి తిని, దాన్ని చేప తిని, అలా పైకి పోవాల్సిన కార్బన్ మళ్లీ బ్యాక్టీరియాకే తిండవుతుంది. వాటి శ్వాసలో చాలాభాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. 1999లో విల్హెల్మ్, సటిల్ ఈ దారి మళ్లింపుకు 'వైరల్ షంట్' అని పేరు పెట్టారు. ఇంకోపక్క, పగిలిన కణాల జిగురు ముద్దలుగా కట్టి అడుగుకు దిగడానికి వైరస్‌లు తోడ్పడుతుండొచ్చు కూడా. టారా అనే పరిశోధక నౌక తెచ్చిన నమూనాలలో, కార్బన్ అడుగుకు దిగడంతో సైనోబ్యాక్టీరియా (ఎండతో తిండి తయారుచేసుకునే బ్యాక్టీరియా) ఫేజ్‌లకు గట్టి సంబంధం ఉన్నట్టు 2016లో తేలింది. వైరస్‌లు కార్బన్‌ను పైన ఆపుతున్నాయా, కిందికి పంపుతున్నాయా అన్నది చోటును బట్టి ఉంటుంది.

ఈ లెక్కలన్నిటికీ మూలం ఒకటే: వైరస్ కణాన్ని ఎన్నిసార్లు ఢీకొంటుంది. అది రెండిటి సంఖ్యల గుణకారం మీద ఆధారపడుతుంది. ఇందాకటి ఉదాహరణకే వెళ్దాం. సూక్ష్మజీవులు 100 రెట్లు పెరిగితే, ఒకటికి పది అనుకునేవారి లెక్కలో వైరస్‌లూ 100 రెట్లు, ఢీకొనడాలు 10,000 రెట్లు. ఘాతాంకం 0.5 ఉన్న లెక్కలో వైరస్‌లు 10 రెట్లే, ఢీకొనడాలు 1,000 రెట్లు. ఒకే సముద్రం, ఒకే నీళ్లు, అంచనాలో మాత్రం పది రెట్ల తేడా. దట్టమైన నీటిలో వైరస్‌ల పాత్రను ఎక్కువ చేసి చూపిస్తాం, పల్చటి నీటిలో తక్కువ చేసి చూపిస్తాం. సముద్రంలో అధికభాగం పల్చటి నీరే.

అందుకని ఇప్పుడు కొన్ని బృందాలు నీటిలో తేలే చుక్కల లెక్కను దాటి, వైరస్ సోకిన కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పద్ధతులకు వెళ్తున్నాయి. ఇజ్రాయెల్‌లో టెక్నియన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబ్బీ లిండెల్ బృందం సైనోబ్యాక్టీరియా కణాల్ని వేరుచేసి, వాటిలో ఏవి లోపల ఫేజ్ జన్యువును మోస్తున్నాయో చూసే పద్ధతిని తయారుచేసింది. ఆ పద్ధతితో ఉత్తర పసిఫిక్‌లో వెచ్చని నీటి నుంచి చల్లని నీటి వైపు ఓడలో వెళ్తూ దారి పొడవునా నమూనాలు తీశారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో, రెండు నీళ్లూ కలిసే పట్టీలో ఫేజ్‌లు, సోకిన కణాలు ఒక్కసారిగా పెరిగిపోయి కనిపించాయి. పెరగడానికి అనువుగా ఉంటుందనుకున్న ఆ నీటిలోనే, సైనోబ్యాక్టీరియాలో ఒకటైన ప్రోక్లోరోకాకస్ తగ్గిపోయింది. మొత్తం వైరస్‌లను మొత్తం కణాలతో భాగించి చూసి ఉంటే, ఆ పట్టీలో ఎవరు ఎవరిని చంపుతున్నారో తెలిసేది కాదు.